మెర్వ్‌కి రసీదు కావాలి

బాలిలోని మా సనూర్‌లో మెర్విన్ టక్‌వెల్ ఎవరని అడిగితే తెల్లమొహం వేసేవాళ్ళుంటారు గానీ, ‘రసీదు తాత’ని ఎరగని బోండాలవాడు లేడు. గాలి పీల్చినా రసీదు అడిగే మనిషి. క్షవరానికి రసీదు, పంక్చరుకి రసీదు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళ పేరూ అందులో రాయిస్తాడు. ఒకసారి ఎవరో ఊరికే మామిడిపండు ఇస్తే, “ఊరికే ఇచ్చాం” అని కాగితం మీద రాయించుకుని మరీ తిన్నాడు.

బాలిలో స్థిరపడిన మా ఆస్ట్రేలియా వాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉంది. ఏడాదిలో నూట ఎనభై మూడు రోజులు దేశం బయట గడిపితే చాలు, మా దేశపు పన్నుల ఆఫీసు మన జోలికి రాదని. బీరు గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ ఈ విషయంలో వకీలే. నేనూ అంతే. ఫ్రీమాంటిల్ నుంచి వచ్చి ఇక్కడ కీమా పఫ్‌ల కొట్టు పెట్టిన కొత్తలో, గోడకి కేలెండరు తగిలించి రోజుకొక గడి కొట్టేసేదాన్ని.

మొదటిసారి కొట్టుకొచ్చిన రోజున మెర్వ్ దృష్టి పఫ్‌ల మీద కాదు, ఆ కేలెండరు మీద పడింది.

“ఏంటమ్మాయ్, జైల్లో గానీ ఉన్నావా?”

“పన్ను కోసం రోజులు లెక్కపెడుతున్నా.”

“రోజులు లెక్కపెడితే సరిపోదు. నీ కాపురం ఎక్కడుందో చూస్తారు. నీ టీ కెటిల్ ఎక్కడుంది?”

“మా అన్నయ్య గరాజులో.”

“మంచం?”

“అదీ అక్కడే.”

“ఇక్కడ ఇల్లు?”

“నెలనెలా అద్దె. నచ్చకపోతే మారిపోవచ్చు.”

“అయితే నువ్వు ఫ్రీమాంటిల్లోనే ఉన్నావు. ఇక్కడికి షికారుకొచ్చావంతే,” అని తేల్చేసి, ఒక పఫ్ కొన్నాడు. రసీదు రాయమన్నాడు. తేదీ వేయమన్నాడు. కింద నా సంతకం పెట్టమన్నాడు.

“పఫ్‌కి సంతకం ఎందుకు, మెర్వ్?”

“పెడితే నీ సొమ్మేం పోయింది?”

ఆ రోజు నుంచి ఉదయం ఏడున్నరకి మెర్వ్, ఒక పఫ్, ఒక రసీదు, ఒక సంతకం. దాంతోపాటు “కెటిల్ వచ్చిందా?” అన్న ప్రశ్న. ఆ పోరు పడలేక కెటిల్‌నీ మంచాన్నీ ఓడలో తెప్పించాను. ఇంటికి మూడేళ్ళ అద్దె కాగితం రాయించాను. ఇక వదులుతాడనుకున్నాను. సంతకం మాత్రం వదల్లేదు.

ఒక ఏడు మౌనదినాన ఏం చేశాడనుకున్నారు? ఆ రోజు ఇక్కడ ఎవరూ దీపం పెట్టరు, గడప దాటరు, విమానం కూడా ఎగరదు. మెర్వ్ వరండాలో దీపం వెలిగించి కూర్చున్నాడు. ఊరి కాపలావాళ్ళు వచ్చి చీవాట్లు పెడితే, వెంటనే ఆర్పేసి, లెంపలేసుకుని, “ఆ చీవాట్లు కాస్త కాగితం మీద రాసి తేదీ వేసిస్తారా?” అన్నాడట. మర్నాడు శిక్షగా అతనిచేత గుడి వాకిలి ఊడ్పించారు. దానికీ రసీదు అడిగాడు.

నా కొట్లో పిండి కలిపే కోమాంగ్‌కి వేరే దిగులుండేది. అతని కుక్క బెలాంగ్ ఇంట్లో అన్నం ముట్టదు, అయినా దూడలా తయారైంది.

“పఫ్‌లు దొంగిలిస్తోందేమో చూడు,” అన్నాను.

“లెక్కకి సరిపోతున్నాయి, బు మార్నీ. ఇది గాలి తిని బలుస్తోంది,” అన్నాడతను. ఇక్కడ మర్యాదకి ఆడవాళ్ళని ‘బు’ అనీ, మగవాళ్ళని ‘పాక్’ అనీ పిలుస్తారు.

నాలుగేళ్ళు గడిచాక మా పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ నాలుగేళ్ళూ మీ కాపురం ఎక్కడో రుజువు చూపండి అని. చూపలేకపోతే ఫ్రీమాంటిల్లో ఉన్నట్టే లెక్క. బాలి కొట్టు సంపాదనకీ అక్కడ పన్ను కట్టాలి. అంత కట్టాలంటే కొట్టు అమ్మడమే. కోమాంగ్‌ పనీ పోతుంది.

నేను ధీమాగా బీరువా తెరిచాను. అద్దె కాగితం వానకి ముద్దయిపోయింది. కొట్టు పుస్తకాలని చెదలు తినేశాయి. మిగిలింది నాలుగు కేలెండర్లు, వాటి మీద నేనే కొట్టుకున్న గీతలు. నాకు ఏడుపొచ్చింది.

ఏడున్నరకి మెర్వ్ వచ్చి ఉత్తరం చదివాడు.

“ఎంత గడువిచ్చారు?”

“ఇరవై ఎనిమిది రోజులు.”

“బోలెడు. ముందు నా పఫ్ ఇవ్వు.”

రసీదు జేబులో పెట్టుకుని వెళ్ళి, పావుగంటలో నాలుగు చెప్పుల పెట్టెలతో తిరిగొచ్చాడు. ప్రతి పెట్టె మీదా నా పేరు, ఒక సంవత్సరం. లోపల నా సంతకంతో పన్నెండు వందల పైచిలుకు రసీదులు. చూసిస్తానని ఒకరోజు పట్టుకెళ్ళిన అద్దె కాగితం నకలు. నేను చెత్తబుట్టలో పారేసిన కెటిల్ ఓడ బిల్లు.

“ఇవన్నీ నీ కోసం కాదా?” అన్నాను.

“నా కేసు పదేళ్ళ కిందటే అయిపోయింది. చేతిలో కాగితం లేక ఓడిపోయా. పెర్త్‌లో ఇల్లు అమ్ముకున్నా. మన వీధిలో ఇంకొకరు అలా ఓడకూడదనుకున్నా. పదకొండు మందికి పెట్టెలున్నాయి.”

“మరి మౌనదినం చీవాట్లు?”

“అదొక్కటే నా సరదాకి.”

“ఆ సంతకం ఎందుకో అప్పుడే చెప్పొచ్చుగా?”

“చెబితే వింటావా? నువ్వు వకీలువి కదా.”

అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది.

“పఫ్‌లు మాత్రం తిన్నావుగా?”

మెర్వ్ నేలచూపులు చూశాడు. “నాకు మైదా పడదమ్మాయ్. ఇరవై ఏళ్ళయింది ముట్టి.”

గడపలో బెలాంగ్ అతన్ని చూసి తోకతో తలుపు బాదుతోంది. కోమాంగ్ పిండిచేతులు నడుము మీద పెట్టుకున్నాడు. “పాక్ మెర్వ్, ఆ గాలి మీరా?”

పెట్టెలు పంపిన మూడు నెలలకి జవాబొచ్చింది. నా కాపురం సనూర్‌లోనే అని ఒప్పుకున్నారు. కొట్టు నిలిచింది. పరుగెత్తుకెళ్ళి చెబితే, మెర్వ్ ఊపిరి పీల్చుకుని, “అయితే రేపట్నుంచి పఫ్ కొనక్కర్లేదుగా?” అన్నాడు.

మర్నాడు ఏడున్నరకి మెర్వ్ రాలేదు. బెలాంగ్ వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఒక పఫ్ పెట్టాను. రసీదు మీద దాని పేరు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి మెడపట్టీలో దోపాను. ఇంటికి పోయే దారిలో మెర్వ్ వరండా ఉంది, అక్కడ ఆగకుండా అది పోదు.