పరీక్షకు ముందే నూరు శాతం

తల దువ్వుకుంటుంటే మెడ కుడి పక్కన గోలీకాయంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. మా అక్కకూ అలాగే మొదలై, లింఫోమా అనే క్యాన్సర్ అని తేలి, ఏడాది తిరక్కుండానే అక్క చనిపోయింది. సాయంత్రం ఆఫీసు నుంచి చందానగర్‌లో ఇంటికి రాగానే మా ఆయనతో అన్నాను: "నాదీ అదే. నూరు శాతం."

"మీ ఆఫీసుల గట్లంటె ఊకుంటరా?" అన్నాడాయన.

ఊరుకోరు. మాదాపూర్‌లో మాది వైటూకే టెస్టింగ్ టీము, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా చూడటం మా పని. ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో వెతికే ముందు, ఎవరి అనుమానం ఎంత శాతమో పైకి చెప్పాలి. టెస్టులు జరిగేకొద్దీ అంకె మార్చుకోవాలి. సున్నా, నూరు అనడానికి వీల్లేదు. అన్నవాళ్ళు అందరికీ చాయ్ తాగించాలి. ఆ రూలు కొత్తవాళ్ళకు నేర్పేదాన్ని నేనే. ఇంట్లో మాత్రం నూరు పట్టుకుని కూర్చున్నాను. మూడేళ్ళ పాపను అత్తయ్య పక్కన పడుకోబెట్టడం మొదలుపెట్టాను.

"గిట్లెందుకు చేస్తున్నవ్ బిడ్డా?" అంది అత్తయ్య. నేను లేని రోజులకు అలవాటు కావాలని ఆమెకెలా చెప్పను?

ఆసుపత్రిలో డాక్టరుగారు సూదితో గడ్డలోంచి కణాలు తీసి చేయించిన ఎఫ్ఎన్ఏసీ పరీక్షలో టీబీ కావచ్చని వచ్చింది. రిపోర్టే తప్పన్నాను. డాక్టరుగారు విసుక్కోలేదు.

"గడ్డలో ఉన్నది మన అంచనాను బట్టి మారదమ్మా. శాతమనేది మనకు తెలిసినదాన్ని బట్టి మన నమ్మకం, అంతే. మీ అక్కగారి సంగతి విని నేనూ క్యాన్సర్‌నే ఎక్కువ అనుమానించాను. ఇది చూశాక తగ్గించుకున్నాను. మీరెందుకు తగ్గించుకోలేదు?"

బయాప్సీ కూడా టీబీ అనే చెప్పింది. మందులు మొదలయ్యాయి. మూత్రం నారింజ రంగులో వచ్చేది, పొద్దున్నే వికారం. రెండో నెలలో గడ్డ తగ్గకపోగా పెరిగింది. మళ్ళీ నూరు అంటూ డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను.

"మందులు పనిచేస్తున్నా కొందరికి ఇలా వాస్తుందమ్మా. అయినా ఇది టీబీయే అన్న నా నమ్మకం కాస్త తగ్గింది. మళ్ళీ బయాప్సీ చేద్దాం," అన్నారు డాక్టరుగారు.

విచిత్రంగా, నమ్మకం తగ్గిందన్న ఆ మాటే నాకు ధైర్యమిచ్చింది. ఈయన కళ్ళు తెరుచుకునే చూస్తున్నారు అనిపించింది. రెండోసారీ క్యాన్సర్ కణాలు కనిపించలేదు.

"పది శాతానికి దిగాను," అన్నాను మా ఆయనతో.

"ఇగ చాయ్ తాగించు," అన్నాడు. ఇద్దరం నవ్వాం, నాకు ఏడుపూ వచ్చింది.

కోర్సు పూర్తయింది. గడ్డ పోయి మెడ మీద సన్నని మచ్చ మిగిలింది. మీకు నేను చెప్పేదొకటే: పరీక్షలు కాకముందే నూరు శాతం అనుకోకండి. "మీకెంత నమ్మకం, ఏం కనిపిస్తే మార్చుకుంటారు?" అని డాక్టరును అడగండి. నేను నూరు అనుకుని, నేను లేని రోజులకు ఇల్లంతా సర్దేశాను. పాప ఇప్పటికీ నాయనమ్మ పక్కనే పడుకుంటుంది. నేను రమ్మంటే దుప్పటి ముసుగేసుకుంటుంది.