మా చేను చూడటానికి అనంతపురం పోయిన రోజు

నా చేను మా ఇంటికి పది నిమిషాల నడక. దాన్ని చూడటానికి నేను బస్సెక్కి అనంతపురం పోయి వచ్చాను. ఎందుకు పోయానో, ఎట్లా పోయానో చెబుతున్నాను, మా పొదుపు సంఘం లీడరు సుజాత రాసుకుంటోంది. నాకు సంతకం వరకే వచ్చు. మన ఊళ్లో సర్కారు పట్టా ఇచ్చిన భూములున్న వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. రేపు మీకూ ఈ దారి పడవచ్చు, అందుకే బస్సు టైములతో సహా చెబుతాను.

సంక్రాంతి పోయిన వారానికి పంచాయతీ ఆఫీసు గోడకు ఒక పటం, పక్కనే ఒక జాబితా అంటించారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు పెట్టి కంప్యూటర్‌లో తయారు చేసిన పటం అది. సాగు భూమికి పసుపు రంగు, రాతి బీడుకు బూడిద రంగు. మా మూడెకరాల మీద బూడిద రంగు పడింది. పట్టా ఇచ్చిన భూమిని సాగు చేయకుండా వదిలేస్తే సర్కారు వెనక్కు తీసుకోవచ్చు. బూడిద రంగు భూములన్నీ సోలార్ పలకలకు పోతాయని రచ్చకట్ట దగ్గర అప్పటికే మాట్లాడుకుంటున్నారు. ఒప్పుకోని వాళ్లు శుక్రవారం లోపల అనంతపురంలో పటాల ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలని కింద రాసి ఉందని సుజాత చదివింది. ఆ రోజు బుధవారం.

మా ఆయన నాగన్న పోయి తొమ్మిదేండ్లయింది. ఆయన ఉన్నప్పుడు గాని, తర్వాత నా ఒంటి చేత్తో గాని, ఆ చేను ఒక్క ఏడు కూడా బీడు పడలేదు. వేరుశనగ కుదిరితే వేరుశనగ, వాన ఆలస్యమైతే ఉలవ. అట్లాంటిది బూడిద రంగు ఎట్లా పడిందో నాకు అర్థం కాలేదు.

గురువారం పొద్దున ఐదున్నరకే లేచాను. సంచిలో పట్టా పుస్తకం, ఆధార్ కార్డు, రెండు జొన్నరొట్టెలు పెట్టుకున్నాను. చేనికి పోయి, కాయ మీదున్న ఉలవ చెట్టు ఒకదాన్ని వేరుతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టుకున్నాను. ఆరున్నరకు షేర్ ఆటో, ఇరవై రూపాయలు. ఏడుకు గుత్తి బస్టాండు. ఏడుంబావుకు అనంతపురం బస్సు. ఆడవాళ్లకు టిక్కెట్టు దుడ్లు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. కార్డు సంచి అడుగున పెట్టుకోకండి. నేను అట్లా పెట్టి, ఉలవ చెట్టు, రొట్టెలు అన్నీ కండక్టరు ముందర బయటికి తీయాల్సి వచ్చింది.

పక్క సీటులో పామిడిలో గుడ్డల అంగడి ఉన్న ఆమె కూర్చుంది. చెట్టు వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"యాడికి పోతాండావక్కా, చెట్టును ఎత్తుకోని?"

"అనంతపురానికి. ఇది నా సాక్షి."

"సాక్షి నోరు తెరిచి మాట్లాడతాదా?"

"నాకంటే బాగా మాట్లాడతాదిలే."

పామిడి రాగానే ఆమె దిగిపోయింది. బస్సు పెన్న వంతెన మీదికి ఎక్కింది. ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. పెండ్లయిన కొత్తలో ఒకసారి మేమిద్దరం బండి కట్టుకుని పామిడికి వచ్చాం. నాకు ముదురాకుపచ్చ చీర కొన్నాడు, బేరం ఆడకుండా. తిరిగి పోతూ ఊరి పొలిమేరకు వచ్చేసరికి వాన పట్టుకుంది. మగడు చీర మీద గోనెపట్ట కప్పుతాడనుకున్నాను. ఆయన ఆ గోనెపట్ట తన నెత్తిన వేసుకుని, పగ్గాలు నా చేతికిచ్చి, చేనిలోకి పరుగెత్తాడు. చీర తడిసింది, నేను తడిశాను. అంత కోపం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఎందుకు పరుగెత్తాడో తర్వాత తెలిసింది. వాన కురిసేటప్పుడు నీళ్లు చేనిలో ఎక్కడ ఆగుతున్నాయి, ఎటు తిరుగుతున్నాయి అని చూసి, ఆగిన చోటల్లా ఒక రాయి పెట్టేవాడు. మూడేండ్లు ప్రతి వానకూ అదే పని. ఆ రాళ్ల వెంబడి గట్టు వేశాడు. పాము పాకినట్టు వంకరలు పోయే గట్టు. ఊళ్లో వాళ్లు దానికి తాగుబోతు గట్టు అని పేరు పెట్టారు. ఆయన జీవితంలో కల్లు ముట్టినవాడు కాదు. చేనిలో గులకరాళ్లు కూడా ఏరనిచ్చేవాడు కాదు. "అవి నేలకు దుప్పటి. తీసినావంటే తేమ పోతాది" అనేవాడు.

అవన్నీ తలుచుకుంటుండగానే గార్లదిన్నె దాటిపోయింది.

ఎనిమిదీ నలభైకి అనంతపురం చేరాను. బస్టాండు బయట హోటల్లో ఉగ్గాని, బజ్జీ నలభై రూపాయలు. కారం ఎక్కువ, టీ మాత్రం బాగుంది. అక్కడి నుంచి ఆటోకు ఇంకో ఇరవై. ఆఫీసు పదిన్నర దాకా తెరవరు, తొందరపడి పోయే పని లేదు. మెట్ల మీద కూర్చుని ఒక రొట్టె తిన్నాను.

పైఅంతస్తులో చల్లటి గది. కంప్యూటర్ల ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక మేడం నన్ను పిలిచి కుర్చీ వేసింది. ముప్పై అయిదేండ్లు ఉంటాయేమో. పట్టా పుస్తకంలో నంబరు చూసి కంప్యూటర్‌లో కొట్టింది. మా ఊరు తెర మీదికి వచ్చింది, అరచెయ్యి అంత.

"ఇదో పెద్దమ్మా, ఈ గీతల్లోపల ఉండేది నీ చేను."

"ఇది మా చేను కాదుమ్మా. ఇదేదో బండ."

"మే నెలలో తీసిన ఫొటో ఇది. ఎండాకాలం. బండ మాదిరే ఉండాది. అందుకే రాతి బీడు అని రంగేసినారు."

ఎండాకాలంలో ఎవరి చేను పచ్చగా ఉంటుంది? ఆ మాటే అడిగాను. ఆమె ఒప్పుకుంది.

"నిజమే. అందుకే ఒక్క ఫొటో నమ్ముకోకుండా, మనిషిని కూడా పంపించి అడిగించినాం. భాద్రపదంలో మా సర్వే ఆయన మీ చేనికాడికి వచ్చినాడు. గుర్తుండాదా?"

గుర్తుంది. మోటారు సైకిల్ దిగి, రోడ్డు మీద నుంచే ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. నేను ఆ ముందురోజే ఉలవలు చల్లాను. నేల మీద గులకరాళ్లు తప్ప ఏమీ కనబడవు.

"పైరు ఏముంది అని అడిగితే నువ్వు ఏం చెప్పినావో ఈడ రాసుండాది. చదవాల్నా?"

చదవక్కరలేదు. నా నోటితో నేను అన్న మాట నాకు తెలుసు. ఏముంది నాయనా, ఏం లేదు అన్నాను.

అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. మన వైపు పంట ఎట్లుందని అడిగితే బాగుందని ఎవరైనా అంటారా? అంటే దిష్టి తగులుతుంది. గాదె నిండిన ఏడు కూడా మా ఆయన ఏముందిలే అప్పా అనే అన్నాడు. అట్లా అలవాటైన నోరు నాది. ఆ నోటితోనే నా చేనికి నేనే బూడిద రంగు పూసుకున్నాను.

మేడం నా ముఖం చూసి నవ్వింది. "మాది సోమందేపల్లె పెద్దమ్మా. మా నాయనా అంతే. శెనిక్కాయ విరగ కాసిన ఏడు చుట్టాలొస్తే, మూటల మీద దుప్పటి కప్పి, ఏం లేదు అంటాండె."

అప్పుడు ఆమె పాత ఫొటోలు తీసింది. ఆ యంత్రంలో ఏండ్ల తరబడి ఫొటోలు దాచి ఉంటాయి, ఏ నెల కావాలంటే ఆ నెల. ఈ ఫొటోల్లో పైరు పచ్చగా కాదు, ఎర్రగా కనబడుతుందని చెప్పింది. నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. పోయిన కార్తీకం తీసింది. ఎరుపు. అంతకు ముందటి కార్తీకం, ఎరుపు. చుట్టుపక్కల చేలన్నీ వాడిపోయిన ఏడు కూడా మా చేనిలో ఒక ఎర్రటి జాడ ఉంది. ఆ జాడ వంకర తిరిగి ఉంది.

"ఆడ ఆపమ్మా. అది మా గట్టు."

మేడం ఇంకేదో నొక్కింది. సన్నటి పచ్చగీతలు ఫొటో మీద పరుచుకున్నాయి. ఒకే ఎత్తులో ఉన్న నేలను కలిపే గీతలని చెప్పింది. అందులో ఒకటి మా ఆయన గట్టు మీదుగా పోయింది, అది తిరిగిన చోటల్లా తానూ తిరిగింది. మేడం కుర్చీలో ముందుకు వంగింది. పక్క కంప్యూటర్ ఆయనను పిలిచి చూపించింది. ఆయన నా వైపు తిరిగాడు.

"ఈ గట్టు ఎవరు కొలిచి వేసినారు?"

"మా ఆయన."

"ఏం చదివినాడు?"

"బడి ముఖం చూళ్లేదు సార్. వానలో గోనెపట్ట కప్పుకోని తిరుగుతాండె."

ఆ సారు తెర మీద ఆ గీత వెంబడి వేలు పోనిచ్చాడు. ఆకుపచ్చ చీర మీద నాకు మిగిలి ఉన్న కాస్త కోపం అక్కడ పోయింది.

పదకొండున్నరకు పెద్దసారు గదిలోకి తీసుకుపోయారు. ఫొటోలన్నీ చూశాడు. ఉలవ చెట్టును బల్ల మీద పెట్టాను, మట్టి రాలింది.

"సరేనమ్మా. కానీ అప్పుడు పంట లేదని నువ్వే చెప్పినావు. ఇప్పుడు ఉందని కూడా నువ్వే చెప్పాల. నీ నోటితో చెప్పు, రాసి సంతకం తీసుకుంటా. పంట ఎట్లుండాది?"

చుట్టూ చూశాను. గదిలో ఆరుగురు మనుషులున్నారు. మూడెకరాలు పోయేటట్టున్నా, అంతమంది ముందర బాగుందంటే దిష్టి తగులుతుందనే నా భయం. మేడం నా చెవి దగ్గరికి వచ్చింది.

"చెప్పు పెద్దమ్మా. ఈడ నీ ఉలవల మీద కన్నేసేవాళ్లు ఎవురూ లేరు."

"బాగుండాది సార్," అన్నాను. "ప్రతి ఏడూ బాగుండాది."

అని వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పెద్దసారు రాసి, సంతకం పెట్టించుకుని, నా కళ్ల ముందరే రంగు మార్పించాడు. బూడిద పోయి పసుపు వచ్చింది. ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. ఆ కాగితం అడిగి తీసుకోకుండా రాకండి.

పోయేముందు మేడంను ఒకటి అడిగాను. పదేండ్ల వెనకటి ఫొటో ఉందా అని. దగ్గరగా తీసింది ఒకటి ఉందని వెతికి పెట్టింది. చేను, గట్టు, చేను మూలన ఒక చదరపు మచ్చ. అది మా కొట్టం. బోద గడ్డి కప్పిన కొట్టం, ఆయన పోయిన మరుసటేడు గాలివానకు పడిపోయింది. మళ్లీ కట్టలేదు.

"ఇది ఏ యాళప్పుడు తీసినారమ్మా?"

"ఆషాఢంలో. పొద్దున పదిన్నరకు."

ఆ టైము నోట్లోనే అనుకుంటూ మెట్లు దిగాను.

తిరుగు బస్సు రెండింటికి దొరికింది, సీటు కూడా దొరికింది. కిటికీ పక్కన కూర్చుని రెండో రొట్టె తిన్నాను. చెప్పేది ఏమంటే, ఊళ్లో ఎవరడిగినా ఏం లేదనే చెప్పుకోండి, నేనూ అదే చెబుతాను. ఫోన్ పట్టుకుని వచ్చిన మనిషికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చేనిలోకి పిలుచుకుపోయి చూపించండి.

పెన్న వంతెన దాటుతుంటే లెక్క వేసుకున్నాను. పొద్దున పదికి నేను సద్ది తీసుకుని చేనికి చేరేదాన్ని. ఆయన గుంటక నిలిపి, ఎద్దులను నీడకు కట్టి, కాళ్లు కడుక్కుని వచ్చేవాడు. పదిన్నరకు ఇద్దరం కొట్టంలో కూర్చుని తింటూ ఉండేవాళ్లం, ఎండయినా వానయినా. అంటే ఆ ఫొటోలో మేమిద్దరం ఉన్నాం. కొట్టం కప్పు అడ్డం ఉంది, అంతే.