మా రష్యా విమానం

నాన్న పోయిన మూడో వారంలో ఉక్కు ప్లాంటు వాళ్ల క్వార్టర్ ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. మేమున్న హిందీ రాష్ట్రం రెండుగా విడిపోయి కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజులు. కాగితం మీద అచ్చులో ఉన్న పాత రాష్ట్రం పేరు పెన్నుతో కొట్టేసి, పైన కొత్త పేరు రాశారు. నేను కాగితం చదవడం మానేసి ఆ కొట్టివేత వంకే చూస్తూ కూర్చున్నాను. కోపం రాలేదు, బాధ రాలేదు. శ్మశానంలోనూ అంతే. నేనెక్కడ కూలబడిపోతానోనని చెరో పక్కా ఒక మనిషి కాచుకుని నిలబడితే, పాపం వాళ్లకి ఏ పనీ పెట్టలేకపోయాను.

అటక ఖాళీ చేస్తుంటే దుప్పట్లో చుట్టిన విమానం దొరికింది. రిమోటుతో గాల్లో ఎగరేసే విమానం. రిమోటూ పక్కనే ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకి రెక్కలు బారెడు ఉంటాయి. కుడి రెక్క మధ్యకి విరిగి ఉంది. ముక్కు దగ్గరున్న ఇంజను మీద దుమ్మూ జిడ్డూ కలిసి నల్లగా గడ్డకట్టాయి.

"ఏట్రా అది?" అంది అమ్మ కిందనుంచి.

"విమానం."

"దాన్నింకా ఉంచీసారా మీ నాన! కబాడీ వోడికి ఇచ్చీ. రిసాలిలో అద్దెకి దొరికినవి రెండు గదులు. నేనక్కడ పడుకోవాలా, విమానం పడుకోవాలా?"

సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేవాణ్ణి. పాత సామాన్లు కొనేవాడు వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి, చెక్క నాకొద్దు, ఇంజను ఊడబీకి ఇవ్వు భయ్యా అన్నాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని ముక్కు మీద చెయ్యి వేశాను. అంతకంటే ముందుకి సాగలేదు. దాన్ని ఒకసారి పాడుచేసింది చాలనిపించింది.

ఎందుకంటే దాన్ని పాడుచేసింది నేనే. అప్పుడు నాకు పదకొండేళ్లు. రష్యావాళ్లు కట్టించిన ఆ ప్లాంటులో నాన్న ఫిట్టర్. దేశానికి తిరిగెళ్లిపోతున్న రష్యా ఇంజనీరొకాయన ఇచ్చాడని ఆ విమానం ఇంటికి తెచ్చారు. ఆదివారాలు ఊరి చివర రుఆబాంధా అవతల ఖాళీ మైదానంలో ఎగరేసేవారు. ఒకరోజు రిమోటు నా చేతుల్లో పెట్టారు. కిందికి దిగుతుంటే రిమోటు మీది ఈ పుల్ల నీ వైపు లాగు, అంతే, అన్నారు. విమానం బాగానే పైకి లేచింది. ఉన్నట్టుండి ముక్కు వంచింది. నేను పుల్ల లాగాను. లాగాననే అనుకున్నాను. అది నేరుగా వచ్చి నేలని కొట్టుకుంది. నాన్న ముక్కలన్నీ ఏరి, చొక్కా విప్పి అందులో కట్టుకుని, నన్ను సైకిలు ముందు కూచోబెట్టుకుని ఇంటికి తెచ్చారు. దారంతా మాట లేదు. తర్వాత కూడా ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు కాబట్టి, పుల్ల లాగడానికి బదులు అవతలికి తోసి ఉంటానని నేనే తీర్మానించుకున్నాను. నా చెయ్యి మంచిది కాదన్నది నా మనసులో అలా పాతుకుపోయింది. నా ఈడు వాళ్లంతా ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరడానికి క్యూ కడితే, నేను ఫారం కూడా తేలేదు. నాన్న ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. చివరికి తెలుగువాణ్ణయ్యుండి ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి హిందీ వ్యాకరణం చెప్పుకుని బతుకుతున్నాను. వ్యాకరణం విరిగినా ఎవరి నెత్తినా పడదు.

ఇంజను ఊడబీకలేక, విమానాన్ని అదే దుప్పట్లో చుట్టి ఊరికి అవతలి పక్కనున్న కోహ్కా పట్టుకెళ్లాను. అక్కడ నాన్న స్నేహితుడొకాయన ఉన్నాడు. ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నేను బాబాయి అని పిలుస్తాను. ఇది ఏ రకమో, ఎవరైనా తీసుకుంటారో లేదో చెప్పమని అడిగాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, విరిగిన రెక్క లోపలికి టార్చి వేశాడు. "అరే, ఇది రష్యావోళ్లదని ఎవడు చెప్పేడ్రా నీకు?"

"నాన్నే చెప్పారు."

"ఇంజనూ రిమోటూ ఆళ్లవే. మిగతాది కాదు. ఇల్రా, ఇది చూడు."

రెక్క లోపలి పలచ చెక్క మీద రష్యా అక్షరాలు సగం, పక్కన గొడుగు బొమ్మ సగం ఉన్నాయి.

"యంత్రాలొచ్చే చెక్కపెట్టిల మీద గొడుగు బొమ్మేస్తారు, వానలో తడపకండని. ఆ చెక్క కోసి మీ నాన సొంతంగా చేసేడిది. ప్లాంటు గేటు దొంగచాటుగా దాటించి తెచ్చిన చెక్క కదా, ఇంట్లో రష్యావోడిచ్చాడని చెప్పీసుంటాడు. బస్, అంతే."

నాన్న సొంతంగా చేసిన విమానం. నేను కూల్చింది అది. ఆ మాట లోపలికి వెళ్లింది కానీ ఎక్కడా తగల్లేదు. టీ తాగి గ్లాసు కడిగి బోర్లించాను.

బాగుచేద్దాం, రోజూ స్కూలయ్యాక రా అన్నాడు బాబాయి. సరే అన్నాను. ఆయన చెప్పినట్టు చెయ్యడం నాకు హాయిగా ఉండేది, సొంతంగా ఏమీ అనుకోనక్కర్లేదు. గరుకు కాగితంతో చెక్క రుద్దమంటే చీకటి పడేదాకా రుద్దేవాణ్ణి. విరిగిన రెక్కకి రెండు పక్కలా బద్దలు అతికించాం. ఆ ఇంజను కిరసనాయిలూ ఈథరూ ఆముదమూ కలిపి పోస్తే నడిచే రకం. ఆముదం ఏళ్ల తరబడి ఎండి లోపల బంకలా బిగుసుకుపోయింది. ఇంజను విప్పి వేడినీళ్లలో పెట్టి, తుడిచి, మళ్లీ పెట్టేవాళ్లం. నాలుగు రోజులకి కదిలింది. రిమోటు మాత్రం తుప్పు పట్టి పూర్తిగా పోయింది. ఇక ఇది ఎగరదు, కానీ విమానంలా కనిపిస్తుంది అన్నాడు బాబాయి.

మిగిలింది గుడ్డ కప్పిన తోక. "ఇక్కడి గుడ్డ చూసేవా, మిగతా గుడ్డ కంటే కొత్తది. పడిపోయిన తర్వాత ఎవరో విప్పి మళ్లీ అంటించేరు," అన్నాడాయన. బ్లేడుతో కోశాను. లోపల తోక రెక్కని ఎత్తే సన్నటి ఇనుప తీగ ఉంది. దానికి బైండింగ్ వైరుతో ఒక అట్టముక్క కట్టి ఉంది.

బాబాయి చూడగానే గుర్తుపట్టాడు. ప్లాంటులో నాన్న పనిచేసిన విభాగంలో ఏ యంత్రం ఆగిపోయినా బాగుచేసిన ఫిట్టర్ అలాంటి కార్డు రాసి దానికి కడతాడట. ఏం పోయింది, ఎందుకు పోయింది, తప్పెవరిది అన్నీ రాయాలి. చివర ఆ యంత్రం నడిపే ఆపరేటర్ సంతకం. అది పడేదాకా యంత్రం ఆగిపోయినట్టే లెక్క.

గళ్లలో నాన్న తెలుగులో రాశారు. పోయింది: తోక తీగకి వేసిన సీసం మాటు. కారణం: మాటు వేసినప్పుడు పూసిన ఆసిడ్ కడగలేదు, తీగని తినేసింది. తప్పు: ఫిట్టర్‌ది. ఆపరేటర్: మా అబ్బాయి. సంతకం గడి ఖాళీ.

"మందం రేకులకి అలవాటు పడ్డ చెయ్యి కదా," అన్నాడు బాబాయి నెమ్మదిగా. "రేకుకైతే ఆ ఆసిడ్ ఏటీ చెయ్యదు. సన్నతీగని కొరికీసింది. ఊడిపోయిన తీగకి నువ్వు పుల్లెటు లాగితే ఏటి, నాయనా?"

ఇంటికెళ్లి అమ్మకి కార్డు చూపించాను. చదవలేదు, చేత్తో తడిమింది. "ఇదేనా! దీన్ని పట్టుకుని నాల్రోజులు నీ ఎనకాలే తిరిగేరు. నువ్వేమో ఆ విమానం పేరెత్తితే గదిలోకి పోయి గడియెట్టుకునీవోడివి. గుంటడు బెంగెట్టుకున్నాడు, కుదుటపడ్డాక చెప్తానన్నారు. చివరికి అందులోనే కట్టి అటకెక్కించీసేరు."

మాట్లాడనిది ఆయన ఒక్కరే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది కూడా తప్పే. ఆ రాత్రంతా నాకేదో అవుతుందని ఎదురుచూశాను. ఏమీ కాలేదు, నిద్ర పట్టింది.

మర్నాడు కోహ్కాలో పెన్ను తీస్తే బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఊరికే పెట్టకు. నడిపి చూసి పెట్టాలి. అదీ పద్ధతి."

నాన్న మళ్లీ మాటు వేసిన తోక తీగ లాగాను. తోక రెక్క లేచింది. వదిలాను, దిగింది. విమానాన్ని వరండా స్తంభానికి కట్టి ఇంజనులో నూనె పోశాం. ముక్కు మీది పంకా నన్నే తిప్పమన్నాడు. నా చెయ్యి మంచిది కాదు బాబాయ్ అన్నాను. చెయ్యికేటయింది, తిప్పు, అన్నాడు. తిప్పాను. పది సార్లు తిప్పినా దగ్గి ఊరుకుంది. ఇంకొకసారి తిప్పాను. అందుకుంది.

వరండా అంతా కాలిన ఆముదం వాసన. ఆదివారం మధ్యాహ్నాలు నాన్న చొక్కాకి ఉండే వాసన. నూనె అయిపోయేదాకా ఇద్దరం దాని వంక చూస్తూ నిలబడ్డాం. అప్పుడు కార్డు మోకాలి మీద పెట్టుకుని, ఖాళీ గడిలో సంతకం చేశాను. అక్షరాలు పదకొండేళ్ల పిల్లాడు రాసినట్టు వంకర పోయాయి. బాబాయి కార్డు నా చేతిలోంచి తీసుకుని మళ్లీ ఆ తీగకే కట్టాడు.