లాయరమ్మ కుక్కరు

ఇంట్లో అందరూ ఆమెను లాయరమ్మ అంటారు. లా కాలేజీలో వినియోగదారుల రక్షణ చట్టం చదవడం మొదలుపెట్టాక, సబ్బు పెట్టె మీది చీమ తలకాయంత అక్షరాలను కూడా వేలు పెట్టి చదవందే వదలదు. కొత్త కుక్కరు పేలి అమ్మ చెయ్యి కాలినప్పుడు పళ్లు కొరికింది. "ఆ కంపెనీని వదలను. కుక్కరు మాత్రం ముట్టుకోకమ్మా, అదే మన సాక్ష్యం," అని మరీ మరీ చెప్పి కాలేజీకి వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి కుక్కరు అద్దంలా మెరుస్తోంది. పగిలిన వాల్వు ముక్కలు చెత్తబండిలో ఎప్పుడో వెళ్లిపోయాయి. "కోర్టులో నలుగురూ చూసేది కదే! మరకలతో పంపిస్తే నవ్వరూ?" అంది అమ్మ, కట్టు తడిసిన చేతిని వెనక్కి దాచుకుంటూ. లాయరమ్మ ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని తడికట్టు విప్పసాగింది. "గెలుస్తాం కదూ?" అని అడిగింది అమ్మ. లాయరమ్మ తల ఎత్తకుండా కొత్త కట్టు చుట్టడం మొదలుపెట్టింది.