నెట్టు ఆయనే కట్టాలి

ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఇంట్లో ఆఖరుసారి అడిగింది ఒక సబ్బు ముక్క.

భోంచేసి, చేయి కడుక్కుని, వెళ్ళినవాడల్లా మళ్ళీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఒక సబ్బు ముక్క ఇవ్వు."

"ఇప్పుడేగా చేతులు కడుక్కున్నారు?" అంది భార్య.

"ఇవ్వవే అంటే!"

"బట్టల సబ్బా, ఒంటి సబ్బా?"

"ఏదో ఒకటి. అరిగిపోయిందైనా ఫరవాలేదు."

"డిపోలో సబ్బు కూడా మనింటి నుంచే మోసుకెళ్ళాలా?" అని గొణుక్కుంటూ, గిన్నెల దగ్గరున్న నీలం బట్టల సబ్బు ముక్క ఒకటి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, వాలీబాల్ నెట్టు సంచి భుజానికి తగిలించుకుని, కొలతకర్ర చేత్తో పట్టుకుని గడప దాటబోతూ ఆగాడు.

"సాయంత్రం అందరికంటే ముందు రా బుజ్జీ."

కూతురు తల ఎత్తలేదు. పొద్దున జరిగిన రభస తాలూకు కోపం ఇంకా ముక్కు మీదే ఉంది. "నేను రాను. ఆ నెట్టుతో నువ్వే ఆడుకో నాన్నా."

"మోకాలి పట్టీలు ఉతికి ఆరేశాను. అవి మర్చిపోకు," అన్నాడు, ఆ పిల్ల అన్న మాట తనని కాదన్నట్టు.

అదీ ఆయన తీరు. ఎదుటివాళ్ళు ఏడ్చినా, అరిచినా, అలిగి అన్నం మానేసినా, ఆయనకి వినపడేది ఆయనకి కావలసిందే. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ చూస్తున్న సంగతే అయినా ప్రతిసారీ ఒళ్ళు మండేది.

ఆయన బస్సు డిపోలో టైర్ల మెకానిక్కు. పగలంతా బస్సుల కింద దూరి, టైర్లు ఊడదీసి, పంక్చర్లు వేసి, మళ్ళీ ఎక్కించేవాడు. సాయంత్రం అయ్యేసరికి చేతులకున్న గ్రీజు సగం వదిలించుకుని, డిపో వెనక మట్టి గ్రౌండులో ఉద్యోగుల ఆడపిల్లలకి వాలీబాల్ నేర్పేవాడు. ఎదురుగా అందరూ సార్ అనేవాళ్ళు. వెనక పేరు వేరే ఉంది. "మళ్ళీ సార్." ఎందుకంటే ఆ నోట్లోంచి బాగుంది అన్న మాట పుట్టి ఎరగదు. బంతి బయటికి పోతే "మళ్ళీ." లోపల పడితే "మళ్ళీ." చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేంత గొప్పగా పడితే, కాసేపు గడ్డం గోక్కుని, "ఊఁ... మళ్ళీ."

ఆయన దగ్గర చేరిన పిల్లకి మొదట నెట్టు చూపించేవాడు కాదు, గోడ చూపించేవాడు. వర్కుషాపు వెనక గోడ. దానికి ముంజేతులతో బంతి కొట్టాలి, అది తిరిగొస్తే మళ్ళీ ముంజేతుల మీదే తీసుకోవాలి, కాళ్ళు కదపాలి తప్ప చేతులు ఊపకూడదు. గోడ విసుక్కోదుగా, మీకెందుకమ్మా విసుగు అనేవాడు. "గోడకి అత్తింటి పోరు లేదు సార్, మాకు మీరున్నారు," అని ఒకసారి నిచ్చెన అంది. నిచ్చెనంటే జట్టులో అందరికంటే పొడుగు పిల్ల, కండక్టరు గారమ్మాయి. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వి, "మళ్ళీ," అన్నాడు.

గోడ అయ్యాక టైరు. పాత బస్సు టైరొకటి స్తంభానికి తాళ్ళతో వేలాడదీశాడు. బంతిని లేపి ఇచ్చే లిఫ్టర్లు, పరిగెత్తుకొచ్చి వేళ్ళతో బంతిని ఆ టైరు బొక్కలోంచి దూర్చాలి. టైరు కూడా కుదురుగా ఉంటే ఎట్లా? గాలికి ఊగేది. గాలి లేనిరోజు ఆయనే ఊపేవాడు.

ఇంక దుప్పట్ల సంగతి చెబితే ఆయన భార్యకి ఇప్పటికీ బీపీ పెరుగుతుంది. అవతలి వైపు సర్వీసు చేసేవాళ్ళు కనపడకూడదని నెట్టు మీద దుప్పట్లు కప్పేవాడు. బంతి ఉన్నట్టుండి దుప్పటి పైనుంచి ఊడిపడేది. అది చూసి, ఎవరిదో అరిచి చెప్పి, తీసుకోవాలి. ఇంట్లో మంచం మీద పరిచిన దుప్పటి మీద గుండ్రటి మట్టి మచ్చలు.

"ఇది పడుకునే దుప్పటా, పిచ్చి గీతల కాగితమా? చుట్టాలొస్తే ఏం పరవను?"

"చుట్టాలకి చెప్పు, మంచి సర్వీసులని," అనేవాడు.

ఆ అరవడం కూడా ఇంటిదాకా వచ్చింది. బంతి ముట్టుకునే ముందు "నాది" అని అరవాలని రూలు. ఇద్దరి మధ్య బంతి పడేది ఇద్దరూ నోరు మూసుకున్నప్పుడేనట. అన్నం దగ్గర కూర గిన్నె అందిస్తూ గిన్నె వదిలేవాడు కాదు. కూతురు ఒక పక్క లాగుతుంటే ఆయన ఇంకో పక్క పట్టుకుని చూసేవాడు. చివరికి "నాది, నాది, నా ఖర్మ నాది!" అని అరిస్తే అప్పుడు వదిలేవాడు.

వీటన్నిటికంటే పెద్ద తలనొప్పి నెట్టు.

నెట్టు ఆయనే కట్టాలి. ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. రోజూ ఇంటి నుంచి తెచ్చి, స్తంభాలకి బిగించి, వెదురు కొలతకర్రతో ఎత్తు చూసుకునేవాడు. కర్రకి పై భాగంలో సైకిల్ ట్యూబు కోసి తొడిగిన నల్లటి రబ్బరు పట్టీ ఒకటి ఉండేది. నెట్టు పై అంచు ఆ పట్టీకి సరిపోవాలి. నిచ్చెన ఒకరోజు సాయం చేద్దామని తాడు పట్టుకుంటే, "నీకు చెయ్యి అందుతుందని అన్నీ ముట్టుకుంటావా?" అని కసిరాడు.

ఆ నెట్టు మీద కూతురికి కడుపుమంట. ఆ పిల్ల పొట్టి. తండ్రి పోలిక. చేతివేళ్ళు మెత్తన కాబట్టి లిఫ్టర్‌గా పెట్టాడు. కానీ ఆ పిల్ల మనసంతా స్మాష్ మీద. పరిగెత్తుకొచ్చి, ఎగిరి, బంతిని అవతలి నేలలోకి దిగ్గొట్టాలి. తను లేపి ఇచ్చిన ప్రతి బంతినీ నిచ్చెన టపాటపా దిగ్గొడుతుంటే, వండినవాళ్ళు వడ్డిస్తూ నిలబడ్డట్టు ఉండేది.

"నన్ను స్మాషర్‌గా ఆడించు నాన్నా."

"ఈ నెట్టు మీంచి వరసగా కొట్టి చూపించు. ఆడిస్తాను."

కొట్టేది. ఒకటి దాటితే రెండోది నెట్టు పైపట్టీకి రాసుకుని ఇవతలే పడేది. మళ్ళీ. ఇంకోటి దాటేది, ఇంకోటి పట్టీకి తగిలేది. మళ్ళీ. భుజం వాచి, రాత్రి తల్లి చేత కాపడం పెట్టించుకునేది. తల్లి భర్త మీద విరుచుకుపడేది. "దాన్ని ఒక్కసారి ఆడిస్తే మీ సొమ్మేం పోయింది?"

"ఇంకా కొంచెం ఎగరాలి," అనేవాడు.

చిత్రం ఏమిటంటే, బయట గ్రౌండ్లలో మాచ్‌లకి వెళ్ళినప్పుడు అందరి చేతులూ బ్రహ్మాండంగా పడేవి. నిచ్చెన సంగతి సరే, వెనక లైనులో ఉండే పిల్లలు కూడా కొట్టేవాళ్ళు. "ఇక్కడ ఎందుకు సార్ మాకింత బాగా వస్తుంది?" అని అడిగితే, "బస్సులో కుదుపుకి తిన్నది అరిగింది," అనేవాడు. మాచ్ ఊపని వాళ్ళు అనుకున్నారు. కూతురు మాత్రం అక్కడా బంతులు లేపుతూనే ఉండేది. ఒక్కటి కొట్టనిస్తే కదా!

రాష్ట్ర జట్టుకి ఎంపికలు వాళ్ళ గ్రౌండులోనే పెడతారని తెలిశాక ఇల్లు కురుక్షేత్రమైంది. లిఫ్టర్‌గా నిలబడాలా, స్మాషర్‌గా నిలబడాలా అన్నది అక్కడ ముందే చెప్పాలి. ఒకదానికి చెబితే రెండోదానికి పనికిరాదు. ఆ పొద్దున కూతురు తెగేసి అడిగింది.

"చెప్పు నాన్నా. నేను స్మాషర్‌గా పనికొస్తానా, రానా?"

ఆయన టీ ఊదుకున్నాడు. తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"సాయంత్రం చూద్దాం."

"ఎన్నేళ్ళు చూస్తావ్? పనికిరానని చెప్పు, ఏడ్చి ఊరుకుంటాను. ఈ నాన్చుడు నా వల్ల కాదు!"

"సాయంత్రం చూద్దాం అన్నానుగా."

పళ్ళెం విసిరికొట్టి లోపలికి పోయింది.

మధ్యాహ్నం ఆయన సబ్బు ముక్క అడిగి తీసుకుని వెళ్ళాడు. నాలుగు దాటాక డిపో వాచ్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వీళ్ళు వెళ్ళేసరికి ఆయన గ్రౌండు పక్క సిమెంటు బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. నెట్టు కట్టి ఉంది. కొలతకర్ర స్తంభానికి ఆనించి ఉంది. బంతి కాళ్ళ దగ్గర ఉంది. అందరికంటే ముందు రమ్మన్న పిల్ల కోసం అన్నీ సర్ది పెట్టుకున్నట్టే ఉంది.

ఆ నెట్టు విప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఒక వాన కురిసింది. ఎండింది. అట్లాగే ఉంది.

ఎంపికల రోజు కూతురు రానని మొండికేసింది. నిచ్చెన వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. "నువ్వు లేపకపోతే నేనేం కొట్టను? నా బతుకు కూడా పాడు చెయ్యకు."

ఎంపిక చేసే సారు ఇనుప టేపుతో నెట్టు కొలిచి తల ఊపాడు. "వెంట్రుకవాసి తేడా లేదు. ఆడవాళ్ళ ఎత్తు సరిగ్గా కట్టారే! ఎవరు కట్టారు?"

"మా సారు," అంది నిచ్చెన.

"నువ్వేం ఆడతావమ్మా?" అని కూతురి వైపు తిరిగి అడిగాడు ఎంపిక సారు.

ఆ పిల్ల నెట్టు వైపు చూసింది. భుజం నొప్పి గుర్తొచ్చింది. పట్టీకి రాసుకుని ఇవతల పడ్డ బంతులన్నీ గుర్తొచ్చాయి.

"లిఫ్టర్, సార్."

రోజంతా బంతులు లేపింది. నిచ్చెన దిగ్గొట్టింది. సొంత గ్రౌండులో అంత తేలిగ్గా ఎప్పుడూ కొట్టలేదని నిచ్చెనే ఆశ్చర్యపోయింది. ఇద్దరినీ తీసుకున్నారు. కూతురికి సంతోషం కలగలేదు, ఏడుపూ రాలేదు. మొత్తానికి ఒక గొడవ వదిలిందనిపించింది.

అందరూ వెళ్ళాక తల్లీ కూతుళ్ళు నెట్టు విప్పడానికి నిలబడ్డారు. తల్లి తాళ్ళు విప్పుతుంటే కూతురు కొలతకర్ర తీసి, తండ్రి చేసినట్టే ఒకసారి నెట్టుకి ఆనించింది. రబ్బరు పట్టీ నెట్టు పై అంచుకి సరిగ్గా వచ్చింది. కానీ పట్టీ ఉండాల్సిన చోట లేదు. దానికి పైన, వెదురు మీద, ఏళ్ళ తరబడి రబ్బరు పట్టి ఉన్న నల్లటి మచ్చ గాజులాగా చుట్టూ ఉంది. ఆ మచ్చకీ నెట్టుకీ మధ్య చెయ్యి పెట్టి చూసింది. నాలుగు వేళ్ళు పట్టాయి.

"అమ్మా, ఇన్నాళ్ళూ ఈ మచ్చ దగ్గరే కట్టాడే నెట్టు!"

"ఏమో, ఆయన కట్టిందేదో ఆయనకే తెలియాలి. జరిపి ఉంటాడు."

"జరగదమ్మా. అంటుకుపోయి ఉండేది. నేనెన్నిసార్లు పీకి చూశానో."

తల్లి కర్ర అందుకుని పట్టీ అంచు గోటితో లేపింది. లోపల, వానకి తడవని చోట, ఏదో పొరలా ఎండిపోయి ఉంది. ఆవిడ గోటితో గీకి, వెలుగులో పెట్టి చూసి, వాసన చూసింది.

బట్టల సబ్బు. నీలం రంగుది.