కత్తిరించిన ఫిబ్రవరి

మా పై ఇంటి మాస్టారు పోయారు. పోయిన గురువారం పొద్దున పదకొండింటికి, ఇర్వింగ్‌లో తను పనిచేసే ఇండియన్ గ్రోసరీ స్టోర్ వెనక గదిలో, సొరకాయల పెట్టె విప్పుతూ కూలబడిపోయారట. నేను ఆఫీస్‌లో ఉన్నాను. వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి "అన్న లేడమ్మా" అంటే, ఏ అన్న అని అడిగాను. ముందురోజు సాయంత్రమే మెయిల్‌బాక్సుల దగ్గర నిలబెట్టి, కారు గీత మీద పార్క్ చేశానని పది నిమిషాలు చీవాట్లు పెట్టిన మనిషి. ఆయనకి పోయే ఉద్దేశం ఉన్నట్టు నాకెక్కడా కనపడలేదు.

ఆయనది హన్మకొండ. అక్కడ జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. చెల్లెలు స్పాన్సర్ చేస్తే యాభై దాటాక వచ్చారు. ఇక్కడ ఆయన చరిత్ర ఎవరికీ అక్కర్లేకపోయింది. కూరగాయలు దించడం, తూచడం, కుళ్ళినవి ఏరిపారేయడం ఉద్యోగమైంది. జీతం తక్కువైనా సరే, శనివారం పొద్దున మాత్రం సెలవు కావాలని చేరినప్పుడే మాట్లాడుకున్నారు. ఆ శనివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలవి. వాళ్ళకాయన 'సార్ అంకుల్'.

క్లబ్‌హౌస్‌లో తెలుగు క్లాసంటే మేమంతా అక్షరాలూ శ్లోకాలూ అనుకుని పిల్లల్ని పంపించాం. ఆయన పద్ధతి వేరు. ఏటా ఆగస్టులో పాతకాలం నాటి ఒక్క సంవత్సరాన్ని ఎంచుకునేవారు. మే నెల దాకా ఆ ఒక్క ఏడాదే పాఠం. గోధుమరంగు ప్యాకింగ్ కాగితం చుట్ట ఒకటి కొని, హాలు ఈ చివర నుంచి ఆ చివరకి పరిచి, పన్నెండు గళ్ళు గీసేవారు. ఒక్కో నెల ఒక్కో పిల్లకి. ఆ నెలలో లోకంలో ఏం జరిగిందో తెలుగులో రాయాలి, బొమ్మ వేయాలి. రాజుల గురించి కావాలంటే రాసుకోవచ్చు గానీ, ప్రతి గడిలో మామూలు మనిషి ఒకరు ఉండి తీరాలి. ఆ మనిషిని ఊహించుకోవచ్చు. జరిగింది మాత్రం మార్చకూడదు.

"ఇంతమంది సచ్చిన్రు అని లెక్క చెప్పకు బిడ్డా. ఒక్క మనిషిని చెప్పు. ఆ మనిషి ఆ పొద్దుగాల ఏం తిన్నడో చెప్పు" అనేవారు.

మా అమ్మాయికి పదేళ్ళున్న ఏడు ఆయన ఎంచుకున్నది పన్నెండు వందల యాభై ఎనిమిది. అంత రక్తం ఉన్న ఏడాది ఎక్కడ దొరికిందో ఆయనకి. జనవరిలో మంగోలులు వియత్నాం రాజధాని మీద పడితే ఊరు ఖాళీగా ఉంది. కొన్నాళ్ళకే ఆ ఊరివాళ్ళు తిరిగొచ్చి వాళ్ళని తరిమికొట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కొరియాలో రాజుల్ని ఆడించిన సేనానుల వంశంలో ఆఖరివాణ్ణి సొంత మనుషులే నరికేశారు. లండన్‌లో వాన ఆగక పంట కుళ్ళిపోతే జనం వీధుల్లోనే పడి చచ్చారు, ఒకటే గొయ్యి తవ్వి వరసగా పేర్చారు. అంతకు ముందేడు ఇండోనేషియాలో ఒక కొండ పేలి, దాని బూడిద ఎండని మింగేసిందంటారు. తమని చంపింది ఏ కొండో లండన్ వాళ్ళకి తెలియనే తెలియదు. మరి మన ఓరుగల్లులో ఏమైందని ఒక పిల్ల అడిగితే, "ముసలి గణపతిదేవుడు గద్దె మీద ఉన్నడు. ఆ ఏడు ఏమైందో నాకు ఎరుక లేదు. ఎవ్వలు రాసిపెట్టలే" అని ఒప్పుకున్నారు. తెలియనిది తెలియదని అంత సుఖంగా చెప్పే లెక్చరర్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

అన్నిటికంటే ఘోరం ఫిబ్రవరి. బాగ్దాద్. ఊరు మంగోలులకి లొంగిపోయాకే అసలు చంపడం మొదలైంది. కత్తులు కింద పెట్టి బయటికి నడిచొచ్చిన సైనికుల్ని గుంపులుగా పంచుకుని నరికారు. తర్వాత ఇళ్ళల్లోకి వెళ్ళారు. ఖలీఫాని తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారని చెప్పుకుంటారు. పుస్తకాలన్నీ నదిలో పారేస్తే సిరాతో నీళ్ళు నల్లబడ్డాయని కూడా అంటారు. "నల్లగయినయో లేదో నాకు తెల్వదు. ఎర్రగయితే అయినయి" అనేవారు మాస్టారు. ఇలాంటివి చెప్పేముందు ఆయన కళ్ళజోడు తీసి, మడిచి, పక్కన పెట్టేవారు. చెప్పడం అయ్యేదాకా మళ్ళీ ముట్టుకునేవారు కాదు. కళ్ళజోడు తీశారంటే ఎవరో చచ్చిపోబోతున్నారని పిల్లలందరికీ తెలుసు.

ఫిబ్రవరి గడి మా అమ్మాయికి వచ్చింది.

ఆ ఏప్రిల్‌లో దాని స్కూల్ క్లాసు పిల్లాడొకడు చనిపోయాడు. ఒక షాపు పార్కింగ్‌లో ఎవరో ఇద్దరు గొడవపడి తుపాకులు తీశారు. వాళ్ళిద్దరికీ ఏం కాలేదు. పక్క కారులో వెనక సీట్లో కూర్చున్న పిల్లాడికి తగిలింది. వాడు మా దాని ముందు డెస్క్‌లో కూర్చునేవాడు, ఒకే బస్. మా అమ్మాయి ఏడవలేదు. స్కూల్‌కి వెళ్ళమంటే మాత్రం రోజూ షూస్ వేసుకుని, గుమ్మం దగ్గరే వాంతి చేసుకునేది. మధ్యలో ఒక్క సోమవారం తప్ప పదకొండు రోజులు వెళ్ళలేదు. నాతో మాట్లాడేది కాదు. శనివారం వచ్చేసరికి మాత్రం తనే తయారై, పెన్సిల్ బాక్స్ పట్టుకుని క్లబ్‌హౌస్‌కి పోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది. కన్నతల్లితో లేని మాటలు సొరకాయలు తూచే ఆయనతో ఏమిటని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ అనుకున్నది అనుకున్నట్టే రాస్తున్నాను.

ఒకరోజు మెట్ల మీద ఆయన్ని నిలదీశాను. "మాస్టారూ, పిల్ల ఇప్పటికే బెదిరిపోయి ఉంది. ఈ నరుకుళ్ళు కాస్త ఆపుతారా? స్కూల్ కౌన్సెలర్ కూడా ఇలాంటివి వద్దంది."

"పిల్లకు భయం పోగొట్టుడు నాతోని కాదు చెల్లె. ఒక్కతే కూసొని భయపడకుంట చూస్త, గంతే."

నాకది మొండితనంలా వినిపించింది. ఆ సాయంత్రమే పేరెంట్స్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను, ఈ క్లాస్ మనకి అవసరమా అని. ఒకరిద్దరు అప్పటికే తమ పిల్లల్ని మాన్పించే ఆలోచనలో ఉన్నారు. మేలో క్లాస్ వార్షికోత్సవం కాగానే ఆపేద్దామనుకున్నాం.

వార్షికోత్సవానికి ముందురోజు హాలు అలంకరించే వంతు నాది. కాగితం పరిచి చూస్తే ఫిబ్రవరి గడిలో మా అమ్మాయి రాసింది కనపడింది. 'కాగితాల వీధి. ఒక అమ్మాయి. టెన్ ఇయర్స్. వాళ్ళ నాన్న కాగితం అమ్ముతాడు. సోల్జర్స్ వచ్చారు. అమ్మాయి కాగితం కింద దాక్కుంది. కత్తి కాగితంలోంచి వచ్చింది.' కింద ఎర్ర క్రేయాన్‌తో ఎంత గట్టిగా రుద్దిందంటే, అక్కడ నిజంగానే కాగితం చిరిగింది. ఇంట్లోంచి కత్తెర తెచ్చి ఆ గడి మొత్తం కోసి, ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసి, జనవరినీ మార్చినీ టేపుతో అతికించాను. వచ్చినవాళ్ళెవరూ గళ్ళు లెక్కపెట్టరులే అనుకున్నాను.

మర్నాడు హాలు నిండా జనం. మా అమ్మాయి కాగితం పక్కనే నడుచుకుంటూ వచ్చి, టేపు దగ్గర ఆగింది.

"అమ్మా, ఫిబ్రవరి ఎక్కడ? నువ్వు కట్ చేశావా?"

నేను తల ఊపాను.

"స్కూల్‌లో కూడా ఇంతే. మండే వెళ్ళాను కదా, వాడి డెస్క్ లేదు. తీసేశారు. ఎవ్వరూ ఏమీ చెప్పలేదు. నువ్వు కూడా సేమ్ చేశావు."

అది ఆ ఒక్క సోమవారం స్కూల్‌కి వెళ్ళిందని నాకు తెలుసు. అక్కడ ఏం చూసిందో మాత్రం నేనెప్పుడూ అడగలేదు. మాస్టారు గుంపులోంచి వచ్చి టేపు కేసి చూశారు, నా కేసి చూశారు. ఇంతమందిలో కడిగేస్తారనుకుని తల దించుకున్నాను.

"కత్తెర నువ్వే పట్టినవ్ చెల్లె, గోందు గూడ నువ్వే తే" అన్నారు.

తెచ్చాను. నాటకం, పాటలు, భోజనాలు ఒక పక్కన జరుగుతుంటే, మేం ముగ్గురం నేల మీద కూర్చుని టేపు ఊడదీసి, కొత్త కాగితం అతికించాం. మా అమ్మాయి మొదటి నాలుగు వాక్యాలూ మళ్ళీ రాసింది. మాస్టారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"ఆ పొద్దుగాల ఏం తిన్నది బిడ్డా?"

మా అమ్మాయి పెన్సిల్ కింద పెట్టింది. తర్వాత, "సీరియల్" అంది.

బాగ్దాద్‌లో పాలల్లో పోసుకునే సీరియల్ ఏమిటని నోరు తెరవబోయాను. ఆయన వేలెత్తి నన్ను ఆపారు.

"పాలు లేకుండా. ప్లాస్టిక్ బ్యాగ్‌లో. బస్‌లో తింటాడు. అందులో స్వీట్ మార్ష్‌మాలోస్ అన్నీ ఏరి నాకు ఇస్తాడు" అంది మా అమ్మాయి. అని, ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ పిల్లాడు పోయాక అదే మొదటిసారి ఏడవడం. నేనూ ఏడ్చాను. గోందు నా చీర కుచ్చిళ్ళకి అంటుకుపోయింది.

ఆ తర్వాతి సోమవారం వాంతి కాలేదు. బస్ ఎక్కింది. టీచర్‌ని అడిగి ఆ డెస్క్ వెనక్కి తెప్పించిందట, వేసవి సెలవులకి స్కూల్ మూసేసేదాకా అది అక్కడే ఖాళీగా ఉందట. శనివారం క్లాస్ ఆపేద్దామన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అందరికంటే ముందు నేను ఎత్తలేదు.

ఆ వేసవిలో ఓసారి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మాస్టారిని అడిగాను, ఈ తిండి ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందని. హన్మకొండలో ఆయన క్లాసులో కూర్చునే కుర్రాడొకడు అడవిలోకి పోయాడట. "ఎన్‌కౌంటర్‌ల పోయిండు. పేపర్ల నలుగురు హతం అని ఏసిండ్రు. ఆ నలుగుర్ల వాడొకడు. ముందటి దినం పొద్దుగాల దొంగతనంగ మా ఇంటికొచ్చి అటుకులు తిని పోయిండు. గది ఎవ్వలు రాయలే" అన్నారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మా పైనే ఉన్నారు. ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తలేదు.

మొన్న ఆదివారం ఫ్యూనరల్ హోమ్‌కి మా అమ్మాయి ఆస్టిన్ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చింది. అక్కడందరికీ అన్నీ తెలుసు. అంబులెన్స్ ఎన్ని నిమిషాలకి వచ్చింది, సీపీఆర్ ఎంతసేపు చేశారు, గుండెలో ఎన్ని బ్లాకులు. మా అమ్మాయి అవన్నీ విని నా దగ్గరికొచ్చి చిన్నగా అడిగింది. "అమ్మా, సార్ అంకుల్ ఆ రోజు పొద్దున ఏం తిన్నారు?"

నాకు తెలియదు. వాళ్ళ చెల్లెల్ని అడిగాం. ఆవిడకీ తెలియదు.

మర్నాడు ఆఫీస్ మానేసి స్టోర్‌కి వెళ్ళాను. వెనక గదిలో ఆయనతో ఎనిమిదేళ్ళుగా పెట్టెలు దించిన మనిషి ఒకడున్నాడు, హోండురాస్ నుంచి వచ్చినాయన. మాస్టారిని 'అన్నా' అనేవాడు. నేను అడిగింది అర్థమయ్యాక చేతులు తుడుచుకుని, త్రాసు కింద అరలో చూపించాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదట.

పేపర్ టవల్ మీద సగం జామకాయ ఉంది. ఉప్పూ కారం అద్ది ఉంది. కొరికిన చోట పళ్ళ గాట్లు గోధుమరంగుకి తిరిగాయి. దాని పక్కనే, మడిచిపెట్టిన ఆయన కళ్ళజోడు.