మేళంలో నాన్న చోటు

పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకి లాగేసిన తరువాత మా నాన్న అన్నం తినగలిగాడు, ముద్దముద్దగానైనా మాట్లాడగలిగాడు. సాక్సోఫోన్ మాత్రం ఊదలేకపోయాడు. ఊదే చోట ఉండే పల్చటి రెల్లు బద్ద, రీడుని పెదవితో గట్టిగా పట్టాలి, ఆయన పెదవికి ఆ పట్టు పోయింది. రెండు మూడుసార్లు ప్రయత్నించాడు. నోటి పక్కనుంచి ఉత్త గాలీ ఉమ్మీ వచ్చాయి. వాయిద్యాన్ని తుడిచి, పెట్టెలో పెట్టి, నా వైపు తోశాడు.

"నువ్వు నేర్సుకో," అన్నాడు.

నేను కుట్టుమిషను మీద ఉన్నాను. పెళ్ళిళ్ళ సీజను, జాకెట్టు ముక్కలు ఒళ్ళోంచి జారిపోతున్నాయి. "నాకింకేటీ పన్లేదనుకున్నావేటి?" అన్నాను. మా ఇంట్లో మెత్తగా మాట్లాడుకునే అలవాటు ఇద్దరికీ లేదు.

నాన్న మీసాలు రాని వయసులోనే బ్యాండు మేళంలో చేరాడు. నాగావళి ఒడ్డునున్న మా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపుకైనా, శవాన్ని సాగనంపడానికైనా ఆ మేళమే వెళ్ళేది. వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. మేళంలో మనిషి పోతే మిగిలినవాళ్ళు శవం ముందు వాయిస్తూ నడుస్తారు, వరసలో అతని చోటు మాత్రం అలాగే వదిలేస్తారు. ఆ ఇంటి మనిషెవరైనా అదే వాయిద్యం పట్టుకుని వస్తే ఆ చోట్లో నడవచ్చు. రాకపోతే శ్మశానం దాకా ఆ ఖాళీ అలాగే సాగుతుంది. తనతో వాయించిన స్నేహితులు పోయినప్పుడు నాన్న అలాంటి ఖాళీల పక్కన నడిచాడు.

"అలగ నడవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా సోటు ఖాళీగా ఉండకూడదే," అన్నాడు.

అమ్మ లేదు. నేను పెళ్ళి చేసుకోలేదు, చేసుకోవాలనీ అనిపించలేదు. ఇంట్లో ఆ మాట అడగడానికి ఆయనకి ఇంకో మనిషి లేదు. మిషను ఆపకుండానే "సర్లే" అన్నాను.

ఆడది సాక్సోఫోన్ ఊదడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. మొదట రీడుని నోట్లో పెట్టుకుని నానబెట్టమన్నాడు. కింది పెదవిని పళ్ళ మీదికి మడిచి, దాని మీద రీడు ఆనించి ఊదమన్నాడు. నాకు వచ్చిన చప్పుడు చెప్పుకోదగ్గది కాదు. నాన్న కళ్ళు మూసుకుని భరించేవాడు. "ఆ బుగ్గలేటి, పూరీల్లాగ? గాలి కడుపులోంచి తియ్యి," అనేవాడు. పెదవి లోపల పుండు పడి పచ్చడి మెతుకు కూడా తినలేకపోయేదాన్ని. ఒకసారి కోపం వచ్చి వాయిద్యం మంచం మీద పడేసి, "నీ మేళమూ వద్దు, నీ సోటూ వద్దు," అన్నాను. ఆయన మంచం మీదనుంచి దాన్ని నెమ్మదిగా దగ్గరికి లాక్కుని, దెబ్బ తగిలిందేమోనని ఒక్కొక్క మీటా నొక్కి చూసుకున్నాడు. నేనే వెళ్ళి మళ్ళీ తీసుకున్నాను.

ఇలా కాదని ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. అందులో ఒకతను స్టూలు మీద కూర్చుని వేళ్ళు ఎక్కడ పెట్టాలో ఓపిగ్గా చూపించేవాడు. కొన్నాళ్ళకి ఒక పాట సగం దాకా వచ్చింది. సంబరంగా నాన్నకి వినిపించాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"బాలేదా?" అన్నాను.

"బాగున్నాది. కూకుని ఊదితే మేళం కాదు. నడు," అన్నాడు.

నడిస్తే వచ్చిందంతా పోయింది. అడుగు పడినప్పుడల్లా పళ్ళకి దెబ్బ, స్వరం తెగిపోవడం. మేళంవాళ్ళు ఎడమకాలు నేల మీద పడేటప్పుడే గాలి పీల్చుకుంటారని అప్పుడే తెలిసింది. శవం ముందు నడిచేటప్పుడు ఇంకొకటి కూడా చూసుకోవాలట. "యెనక మోసేవోల అడుగు ఇను. ఆల భుజాల మీద బరువున్నాది. నువ్వు తొందరపడితే ఆలు తూలిపోతారు," అన్నాడు. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, నేను నైటీ మీద చున్నీ వేసుకుని మా వీధిలో బోరింగు దాకా వెళ్ళి వచ్చేదాన్ని. నవ్వినవాళ్ళు నవ్వారు.

ఆయన నాకు నేర్పించింది ఒకే ఒక్క పాట, శవయాత్రలో వాయించేది. మా వైపు ఆ పాట వినబడితే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వస్తారు. అది నాకు కొంచెం పట్టుబడిన రోజున ఎదురింటి వదిన పరుగున వచ్చింది.

"ఓలమ్మ, ఎవులు పోనారే?"

"ఎవులూ పోలేదు. నాను నేర్సుకుంటన్నాను."

"బతికున్నోల ఇంట్లో ఆ పాటేటే? బుద్దుందా నీకు?"

గుమ్మంలోంచి నాన్న అన్నాడు, "నా కోసమే ఊదతన్నాది. ఊదనీయమ్మా." వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంక ఊదలేదు.

వానలు పడుతుండగా, ఒక పొద్దున్న టీ ఇవ్వడానికి లేపితే నాన్న లేవలేదు.

నేను కబురంపకుండానే మేళం వచ్చింది. వీధిలో వరసగా నిలబడి, నాన్న చోటు వదిలేశారు. నేను సాక్సోఫోన్ మెడలో వేసుకుని వెళ్ళి అందులో నిలబడ్డాను. పక్కనే డ్రమ్ము వాయించే పెద్దాయన, నాన్నతో కలిసి ముసలివాడైన మనిషి, నేను మావా అని పిలిచే ఆయన, నాకోసం కొంచెం జరిగాడు. మా చిన్నాన్న దగ్గరికొచ్చి, "ఈది సివర వరకేనమ్మా. ఆడోలు అక్కడ ఆగిపోవాల," అన్నాడు. నాకు తెలుసు. వీధి చివర తరువాత సంగతి నాన్న చెప్పలేదు, నేను అడగలేదు.

పాడె లేపారు. ఊదాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఏడుస్తూ ఊదడం కుదరదని నాకెవరూ చెప్పలేదు. ఛాతీ ఎగసిపడుతుంటే పెదవి బిగవదు. మావ నా వైపు చూడకుండానే, "గాలే ఎల్లనీ. అడుగు తప్పనీకు," అన్నాడు. అలా ఉత్త గాలి ఊదుకుంటూ వీధి చివరికి వచ్చేశాను. ఆడవాళ్ళు ఆగిపోయారు.

చిన్నాన్న నా భుజం పట్టుకున్నాడు. "సాలమ్మా. నీ సేతనైంది సేసావు."

ఏం చేశాను? ఒక్క స్వరం పలకలేదు. నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, నా మీద. ఆ కోపానికి ఏడుపు ఆగింది. భుజం విడిపించుకుని ఊదాను. గరగరలాడుతూ స్వరం పలికింది. మావ డ్రమ్ము అందుకున్నాడు. ఆగమని ఇంకెవరూ అనలేదు. వెనక మోసేవాళ్ళ అడుగు వింటూ నడిచాను.

సగం దారిలో దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. ఊపిరి ఇంకా ఉందేమోనన్న చివరి ఆశతో, అక్కడ పోయిన మనిషిని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. మేళం ఆగింది. చిన్నాన్న వంగి "అన్నయ్యా" అని పిలిచాడు. తరువాత నన్ను పిలవమన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాను. మూడుసార్లూ ఆయన మొహమే చూస్తూ ఉండిపోయాను. దారి పొడుగునా అన్నీ తప్పులే ఊదాను. రెండో చరణమైతే మొత్తం పాడుచేశాను. అంత తప్పు విని కూడా మా నాన్న నన్ను తిట్టలేదు. ఆయన పోయాడని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

పాడె మళ్ళీ లేపారు. నేను లేచి వరసలోకి వెళ్ళాను.